అందరి దీపములు ఒక్కసారి వెలుగవు: అంతస్తుల భవనములకు విద్యుత్తు లెక్క కట్టిన చరిత్ర

ఉగాదినాడు వేపపూవు పచ్చడి నోట వేసికొని, పంచాంగ శ్రవణమునకు కూర్చుండి, ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని చెవి యొగ్గి వినుట మన ఆచారము. ఊరు విడిచి ఎన్ని తరములైనను ముంబయి తెలుగువారు ఈ ఆచారమును విడువలేదు. ఈ సంవత్సరాది సంచికలో మేము మరియొక ఆదాయవ్యయ పట్టికను చదువరుల ముందుంచ దలచినాము. అది సిద్ధాంతులు గుణించినది కాదు, ఇంజనీర్లు గుణించినది. మనము నివసించు అంతస్తుల భవనమునకు ఎంత విద్యుచ్ఛక్తి కావలెను, దానికెంత లావు తీగె వేయవలెను, ఎంత ట్రాన్స్‌ఫార్మరు పెట్టవలెను అను లెక్క అది. నూరు సంవత్సరములకు పైగా నడచిన ఈ లెక్కకు చక్కని చరిత్ర కలదు.

ఈ నగరపు ఇండ్లతో మనవారికి గల సంబంధము పాతది. కామాఠీపుర అను పేరు, తెలంగాణము నుండి వచ్చి ఇచ్చట రాళ్లు మోసి గోడలు కట్టిన కామాఠీల వలననే వచ్చినది. ఆ పిమ్మట బట్టల మిల్లులకు వచ్చిన పద్మశాలి కుటుంబములు వర్లీ, పరేలు ప్రాంతముల చాళ్లలో ఒక్కొక్క గదిలో కాపురములు పెట్టి పిల్లలను పెంచినవి. నేడు ఆ చాళ్లు ఒక్కటొక్కటిగా నేలమట్టమగుచు, వాని స్థానమున నలువది అంతస్తుల కట్టడములు లేచుచున్నవి. పునర్నిర్మాణమునకు ఒప్పుకొను ప్రతి హౌసింగు సొసైటీ సమావేశములోను గది వైశాల్యము, అద్దె, కారు నిలుపు చోటు గూర్చి గంటలకొలది వాదోపవాదములు జరుగును. కాని "మన భవనమునకు ఎన్ని కిలోవాట్లు రాసినారు? ఏ లెక్కన రాసినారు?" అని అడుగువారు అరుదు. అడుగకపోవుట వలన కలుగు నష్టము మాత్రము ముప్పది ఏండ్లు మనతో కాపురము చేయును.

పైకి చూచిన ఇది చిన్నబడి లెక్క వలె కనబడును. ఒక్కొక్క ఇంటిలోని దీపములు, ఫ్యానులు, గీజరులు, ఏ.సి.లు అన్నింటి వాట్లు కూడి, దానిని ఇండ్ల సంఖ్యచేత గుణించిన సరిపోదా? సరిపోదు. అట్లు చేసిన వాడు కావలసినదానికి రెండు మూడు రెట్లు ఖర్చు చేసినవాడగును. మన పెండ్లి భోజనమును తలచుకొనుడు. అయిదువందల మంది చుట్టములు వచ్చిరని అయిదువందల విస్తళ్లు ఒక్కసారి పరచు చావడి ఎవ్వరును కట్టరు. నూరేసి మందికి ఒక బంతి చొప్పున అయిదు బంతులు లేచును. వంట అయిదువందలకే, చోటు మాత్రము నూరింటికే. అయితే ముహూర్తము అర్ధరాత్రి దాటి, అందరును ఒక్కసారి ఆకలిగొని లేచిరా, ఆ చావడి చాలదు. భవనమునకు విద్యుత్తు లెక్క కట్టుట యనగా ఈ బంతుల లెక్కయే. ఎందరు కలరు అనునది సులభమైన ప్రశ్న. ఎందరు ఒక్కసారి కూర్చుందురు అనునది కష్టమైన ప్రశ్న.

ఈ రెండవ ప్రశ్న తొలినాళ్లలో ఎవ్వరికిని తోచలేదు. 1882 సెప్టెంబరు 4వ తేదీన ఎడిసన్ న్యూయార్కులోని పెర్ల్ వీధిలో విద్యుత్కేంద్రమును నడిపించినప్పుడు వెలిగిన దీపములు సుమారు 400 మాత్రమే. అప్పటి ఆదాయము దీపముల నుండియే, వ్యయము దీపములకే. చీకటి పడగానే ఊరంతయు ఒక్కసారి దీపము వెలిగించునని, యంత్రము ఆ గడియకు సరిపడునట్లు ఉండవలెనని వారు తలచిరి. పగలంతయు ఆ యంత్రమునకు పని లేదు. పని లేని యంత్రమునకును వడ్డీ పెరుగుచునే యుండును.

ఈ చిక్కును మొదట స్పష్టముగా చెప్పినవాడు ఇంగ్లండు ఇంజనీరు జాన్ హాప్కిన్సన్. 1892లో చేసిన ఉపన్యాసములో ఆయన విద్యుత్తు ఖరీదును రెండు భాగములుగా విడదీసెను. ఒకటి, మీరు కాల్చిన దానికి అగు ఖర్చు, అనగా బొగ్గు. రెండవది, మీరు ఎప్పుడు మీట నొక్కినను దీపము వెలుగునట్లు బాయిలరు, యంత్రము, తీగెలు సిద్ధముగా ఉంచుటకు అగు ఖర్చు. ఏడాదికి ఒక్క గంట మాత్రమే దీపము వెలిగించువాడును ఆ ఒక్క గంట కొరకు యంత్రమును పెట్టించుచున్నాడు. నేడు మన కరెంటు బిల్లులో యూనిట్లకు వేరుగా, స్థిర చార్జి వేరుగా కనబడుటకు మూలము హాప్కిన్సన్ చెప్పిన ఆ మాటయే.

సిద్ధాంతము సరే, కొలుచుట ఎట్లు? బ్రైటన్ పట్టణములో విద్యుత్ శాఖను నడపిన ఆర్థర్ రైట్ దీనికొక చిన్న గాజు గొట్టముతో ఉపాయము కనిపెట్టెను. ఇంటిలోనికి పోవు కరెంటు ఆ గొట్టములోని గాలిని వేడి చేయును. గాలి ఉబ్బి ద్రవమును నెట్టును. ద్రవము పొర్లి ప్రక్క గొట్టములో పడును. ఒకసారి పొర్లినది మరల వెనుకకు పోదు. కావున నెల తుదిని వచ్చి చూచిన గుమాస్తాకు, ఆ నెలలో ఆ ఇల్లు అత్యధికముగా ఎంత కరెంటు లాగినదో ఆ గొట్టమే చెప్పును. మాటలో మనిషి మరచినను గాజు మరువదు. ఈ పరికరము ఇంటింటికి పెట్టిన తరువాత ఒక వింత బయటపడినది. ప్రతి ఇంటికిని ఒక గరిష్ఠ ఘడియ కలదు. కాని ఆ ఘడియలు ఒకటి కావు.

1894లో ఇంగ్లండు వెళ్లి రైట్ పద్ధతిని తెలిసికొన్నవాడు శామ్యూల్ ఇన్సల్. ఈయన ఎడిసన్ వద్ద కార్యదర్శిగా పనిచేసి, 1892లో షికాగో ఎడిసన్ కంపెనీకి అధ్యక్షుడైనవాడు. మన విషయమునకు మిక్కిలి ముఖ్యమైన అంకెలను ఇచ్చినది ఆయనయే. షికాగోలో ఒకే బ్లాకులోనున్న అద్దె ఫ్లాట్లను ఆయన మనుష్యులు కొలిచిరి. ఫ్లాట్లు 193, వానిలో విద్యుత్తు తీసికొన్నవి 189. మోటారులు లేవు, దీపములు మాత్రమే. విడివిడిగా లెక్కించి కూడగా 68.5 కిలోవాట్లు అయినది. అన్నింటికి కలిపి ఒక్కసారిగా పడిన గరిష్ఠ భారము 20 కిలోవాట్లు మాత్రమే! ఒక ఇంట వంటగది దీపము ఆరిన గడియకు మరియొక ఇంట పడకగది దీపము వెలుగును. ఒకరు నాటకమునకు పోవుదురు, మరియొకరు నిద్రపోవుదురు. ఎవ్వరును ఎవ్వరితోను మాట్లాడుకొనకయే, ఆ 189 కుటుంబములు బంతులుగా భోజనము చేసినవి. ఈ నిష్పత్తిని, సుమారు 3.4ను, ఇంజనీర్లు డైవర్సిటీ ఫ్యాక్టరు అందురు. మనము బంతుల లెక్క అనుకొనిన చాలును.

ఇన్సల్ వ్యాపారి యని కూడ చదువరులు గుర్తుంచుకొనవలెను. నగరమంతటికి ఒక్కటే పెద్ద కంపెనీ ఉండుట చవుక యని నిరూపించుటకు ఆయన ఈ అంకెలను వాడుకొనెను. 1932లో ఆయన కట్టిన కంపెనీల మేడ కూలిపోయి, చిన్న మదుపరులెందరో నష్టపడిరి. అయినను ఆ ఫ్లాట్ల లెక్క చెడలేదు. ఏలయన అది ఎవరి అభిప్రాయమో కాదు, కొలిచి చూచినది.

ఇక మన నగరమునకు వత్తము. బొంబాయిలో విద్యుద్దీపము మొదట వెలిగినది 1882లో, క్రాఫర్డ్ మార్కెట్టులో. ఆ దీపములు పెట్టిన కంపెనీ మరుసటి ఏడే మూతపడి, మార్కెట్టు మరల గ్యాసు దీపములకు పోయినది. స్థిరమైన సరఫరా 1905లో వాడీ బందరు వద్ద కట్టిన విద్యుత్కేంద్రముతో ఆరంభమైనది. 1907 మే 7న విద్యుత్ ట్రాము నడచినది. 1915 ఫిబ్రవరిలో ఖోపోలీ నుండి టాటావారి జలవిద్యుత్తు వచ్చి మిల్లులను త్రిప్పసాగినది. సరఫరా, ట్రాముల కంపెనీని 1947 ఆగస్టు 7న నగరపాలక సంస్థ స్వాధీనపరచుకొనెను. మిల్లుకు పగలు, ట్రాముకు ఉదయము సాయంకాలము, ఇంటికి రాత్రి విద్యుత్తు కావలెను. ఒకరి బంతి లేచిన పిదప మరియొకరి బంతి కూర్చుండుట ఇచ్చట నగరమంతటికిని జరిగినది.

అదే కాలమున, 1920 దశకములో, బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటు కార్మికుల కొరకు వర్లీ, నాయ్‌గావ్, శివడీ మొదలగు చోట్ల 200కు పైగా చాళ్లు కట్టించెను. వానినే బి.డి.డి. చాళ్లు అందుము. నేల అంతస్తు, పైన మూడు అంతస్తులు, ఒక్కొక్క భవనమున సుమారు 80 గదులు, ఒక్కొక్క గది 160 చదరపుటడుగులు. ఇట్టి గదికి విద్యుత్తు లెక్క కట్టుట ఎంత సులభమో చూడుడు. స్వాతంత్ర్యానంతరము మన ప్రమాణముల సంస్థ ఇంటి వైరింగునకు ఏర్పరచిన నియమములందు, వాడుకరి వేరుగా చెప్పనిచో, బల్బునకు 60 వాట్లు, ఫ్యానుకు 60 వాట్లు, అయిదు ఆంపియరుల సాకెట్టునకు 100 వాట్లు, పదునైదు ఆంపియరుల సాకెట్టునకు 1000 వాట్లు లెక్కించుమని యున్నది. దీపముల సర్క్యూటు ఒక్కదానిపై పది పాయింట్లకు గాని, 800 వాట్లకు గాని మించరాదు. ఒక ఇంటి దీపముల మొత్తములో 66 శాతము, అనగా మూడింట రెండు వంతులు, ఒక్కసారి వెలుగునని తీసికొనవచ్చును.

ఆ లెక్కన ఒక గదికి బల్బు ఒకటి, ఫ్యాను ఒకటి, సాకెట్టు ఒకటి అనుకొందము: 220 వాట్లు. 80 గదులకు 17.6 కిలోవాట్లు. అందు సగము ఒక్కసారి వాడిరనుకొన్నను తొమ్మిది కిలోవాట్లకు లోపే. ఎనుబది సంసారములు తొమ్మిది కిలోవాట్లలో బ్రదుకవచ్చునని ఆ లెక్క చెప్పుచున్నది. నేడు వేసవి రాత్రి రెండేసి ఏ.సి.లు నడపు మూడు ఫ్లాట్లు చాలును, ఆ తొమ్మిదిని తినివేయుటకు.

అమెరికావారి నియమావళిలో ఫ్లాట్ల భవనములకు ఒక పట్టికయే కలదు. విద్యుత్తుతో వంట, ఏ.సి. లేక గది వేడి చేయు సాధనము ఉన్న ఫ్లాట్లు మూడు మొదలు అయిదు వరకు ఉన్నచో మొత్తము భారములో 45 శాతము తీసికొనవచ్చును. సంఖ్య పెరిగినకొలది శాతము తగ్గుచు, 62 గాని అంతకు పైగా గాని ఫ్లాట్లున్నచో 23 శాతమునకు దిగును. ఒక్కొక్కటి పది కిలోవాట్ల చొప్పున 62 ఫ్లాట్లయినచో మొత్తము 620. లెక్కకు తీసికొనునది 142 కిలోవాట్లకు కొంచెము పైన. మంది పెరిగినకొలది అందరు ఒక్కసారి కలియుట అరుదగును. అందుచేత ఇన్సల్ చూచిన సత్యమే ఈ పట్టికలో మరల కనబడుచున్నది.

అయితే ఇచ్చటనే జాగ్రత్త కావలెను. ఏ దేశపు పట్టికయైనను ఆ దేశపు బ్రదుకు తీరునకు వ్రాసిన చిట్టా. ఒక ఊరి అలవాటును మరియొక ఊరికి అద్దరాదు. తాత కాలపు అలవాటును మనుమని ఇంటికి అద్దరాదు. మన ముంబయి ఇంటిని చూడుడు. ఎన్నో సొసైటీలలో నీరు తెల్లవారుజామున ఒక నిర్ణీత సమయమునకే వచ్చును. నీరు రాగానే పంపు నడచును; బడికి, లోకల్ రైలుకు పోవలసినవారందరును ఆ గంటలోనే స్నానములకు లేతురు; రెండేసి కిలోవాట్ల గీజరులన్నియు కలిసి వెలుగును. ఎవరి ఇష్టము వారిదను సూత్రము ఇచ్చట చెల్లదు, మునిసిపల్ కొళాయి అందరిని ఒకే బంతిలో కూర్చుండబెట్టినది. అట్లే మే నెల రాత్రి పదకొండు గంటలకు ఉక్కపోత అందరికిని ఒక్కటే. షికాగోలో ఒకరి దీపము ఆరినప్పుడు మరియొకరిది వెలిగినది, ఇచ్చట ఏ.సి. ఆర్పువాడెవ్వడు? 2015 తరువాత తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. బల్బులు 60 వాట్ల బల్బుల స్థానమును ఆక్రమించి దీపముల భారమును తగ్గించినవి. కాని దీపములయందు మిగిలినది చల్లదనమునకు చాలలేదు.

అందరును ఒక్కసారి ఒక పని చేసిన ఏమగునో దేశమంతయు చూచిన రోజు ఒకటి కలదు. 2020 ఏప్రిల్ 5వ తేదీ రాత్రి తొమ్మిది గంటలకు, మహమ్మారి కాలమున, తొమ్మిది నిమిషములు ఇంటి దీపములు ఆర్పి ప్రమిదలు వెలిగింపుమని ప్రధానమంత్రి కోరిరి. 12,000 నుండి 13,000 మెగావాట్లు తగ్గునని విద్యుత్ సంస్థలవారు అనుకొనిరి. తగ్గినది సుమారు 31,000. జలవిద్యుత్కేంద్రములను క్షణములలో తగ్గించి, మరల హెచ్చించి, ఇంజనీర్లు ఆ గడియను దాటించిరి. అదే ఏడు అక్టోబరు 12న ముంబయి మహానగరమునకు కరెంటు పోయినది. అట్టి వేళ తిరిగి వచ్చునప్పుడు ఒక భవనములో జరుగునది గమనింపదగినది. రిఫ్రిజిరేటరులు, ఏ.సి.లు, పంపులు గంటలకొలది ఆగియుండి, కరెంటు రాగానే అన్నియు ఒక్కసారి ఆకలిగొని లేచును. మామూలు దినమున వంతులవారీగా నడచునవి ఆ నిమిషమున వంతు మరచును. లెక్క కట్టువాడు ఈ నిమిషమును కూడ తలచుకొనవలెను.

లెక్క తప్పిన ఏమగును? తక్కువ కట్టిన తీగె వేడెక్కును. కరెంటు రెట్టింపయిన వేడి నాలుగు రెట్లగును. ఇది ఎవ్వరికిని రాయితీ లేని నియమము. బల్బులు, ఫ్యానుల కాలమున వేసిన నిలువు కేబులుపై ఒక్కొక్క ఇల్లు ఒక్కొక్క ఏ.సి. చేర్చుకొనుచు పోవును. ఎవ్వరును తప్పు చేసినట్లు తోచదు, నా ఇంట ఒక్కటే కదా అని ప్రతివాడును అనుకొనును. ఫ్యూజు కాలిన లావు తీగె చుట్టుదురు. తుదకు మీటరు గదిలో పొగ లేచును, మెట్ల దారి ఆ గది ముందు నుండియే పోవును. అందుకే ఇది రూపాయల లెక్క మాత్రమే కాదు, ప్రాణముల లెక్క.

ఎక్కువ కట్టినను నష్టమే. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు పని లేకున్నను రాత్రింబవళ్లు కొంత విద్యుత్తును మ్రింగుచుండును. దానికి చోటు కావలెను, లావు కేబులునకు సొమ్ము కావలెను, అవసరము లేని మంజూరు భారమునకు స్థిర చార్జి కట్టవలెను. బి.డి.డి. చాళ్ల గదుల నుండి 500 చదరపుటడుగుల ఫ్లాట్లకు మారు కుటుంబములను తలచుకొనుడు. 2025 ఆగస్టులో వర్లీలో 556 కుటుంబములు మొదటగా తాళపుచెవులు అందుకొనినవి. ఒక్క గది అద్దెతో బ్రదికిన సంసారమునకు లిఫ్టు, పంపు, దీపముల ఉమ్మడి ఖర్చు క్రొత్త బరువు. అందు వ్యర్థమైన కిలోవాటు ప్రతి నెలయు బిల్లులో కూర్చుండును.

కావున క్రొత్త భవనమునకు సంతకము పెట్టబోవు మన సోదరులకు మేము కొన్ని మాటలు మనవి చేయుదుము. మొదట, ఇంటింటికి ఏమేమి సాధనములు కలవు, పది ఏండ్లలో ఏమేమి రాగలవు అను పట్టిక వ్రాయించుడు. రెండవది, వానిని ఏ గంటలో వాడుదురో అడుగుడు. ఈ సంగతి ఇంజనీరు కంటె మన ఆడపడుచులకు బాగుగా తెలియును. మూడవది, మనవంటి కుటుంబములున్న సమీప భవనములో గరిష్ఠ భారము నమోదుచేయు మీటరు ఉన్నచో, వేసవి నెలలందు అది చూపిన అంకెను సంపాదించుడు. రైట్ గారి గాజు గొట్టము చేసిన పనినే నేటి మీటర్లు ఇంకను చక్కగా చేయుచున్నవి. పుస్తకములోని శాతము కంటె కొలిచిన అంకె మేలు. నాలుగవది, మూడు ఫేజులపై ఇండ్లను సమముగా పంచినారా అని చూడుడు; ఒక ఫేజుపైననే బరువంతయు పడిన మొత్తము లెక్క సరిగానున్నను తీగె కాలును. అయిదవది, నిలువు కేబులు పోవు గూటిలో మరియొక కేబులునకు చోటు విడువుమనుడు. ఖాళీ చోటు ఖరీదు తక్కువ, గోడ మరల పగులగొట్టు ఖర్చు ఎక్కువ.

విద్యుత్ కార్ల సంగతి కూడ చెప్పవలెను. ఇంటివద్ద పెట్టు చిన్న చార్జరు సుమారు 3.3 కిలోవాట్లు లాగును. నలువది కార్లు రాత్రి ఇల్లు చేరగానే ఒక్కసారి తగిలించిన 132 కిలోవాట్లు, అదియు ఏ.సి.లు నడచు గడియకే. కాని కారునకు తెల్లవారు లోపల నిండిన చాలును, ఎప్పుడు నిండినదని అది అడుగదు. అర్ధరాత్రి దాటిన పిమ్మట పది పది చొప్పున వంతులు వేసిన 33 కిలోవాట్లతో సరిపోవును. ఇన్సల్ కాలమున వంతులు తమంత తామే ఏర్పడినవి. ఇక మీదట వంతులు మనము మాట్లాడుకొని ఏర్పరచుకొనవలసి యున్నది.

చాళ్లలో పెరిగినవారికి ఇది క్రొత్త విద్య కాదు. ఉమ్మడి కొళాయి వద్ద ఎవరి బిందె ముందు, ఎవరిది వెనుక అని నిర్ణయించుకొని, పురిటి యింటికి, రోగి యింటికి ముందు దారి విడిచి, ఎనుబది సంసారములు గడపిన విద్య అది. అదే విద్యను నలువదవ అంతస్తునకు తీసికొనిపోవుడు. క్రొత్త సంవత్సరమున ప్రతి సొసైటీవారును తమ భవనపు విద్యుత్ ఆదాయవ్యయములను ఒక్కసారి బల్లపై పెట్టి చదివించుకొందురు గాక యని మా కోరిక.